పద్దుకెక్కని పంట

మాచర్ల దాటాక జీపు ముందుకు పోదు. గుట్టలు, ముళ్ళకంప, వాగులు. బండిచాళ్ళు కూడా ఉన్నట్టే ఉండి మాయమైపోయే నేల. ఢిల్లీ నుంచి వచ్చే పెద్ద ఇంజినీర్లకు చూపించాల్సిన చోటేమో ఆ అడవికి అవతల, కృష్ణ ఒడ్డున, నందికొండ దగ్గర ఉంది. సంవత్సరం 1952.

"ఎంత వెడల్పు వెయ్యాలంట?"

"జీపు పట్టేంత."

"జీపెంతుంటదిరా?"

అడిగినవాడు ఎన్నడూ జీపు ఎక్కలేదు. చెప్పినవాడు ఒక్కసారి చూశాడు. రెండు చేతులూ బారలు చాపి, ఇంకో జానెడు కలిపి చూపించాడు. అదే కొలత. పలుగు, పార, గంప పట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు ఆ కొలత వెంట కదిలాయి.

ఈ మాటలు నేను అల్లినవి. దారి మాత్రం నిజం. వేయించిన మనిషి ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. మద్రాసు ప్రభుత్వం అప్పటికి కృష్ణా-పెన్నారు పథకాన్ని చంకన పెట్టుకుని ఉంది. ఆ పథకం నడిస్తే కృష్ణ నీళ్ళు పెన్న వైపు, ఆపైన మద్రాసు వైపు పోతాయి. నందికొండ దగ్గర ఆనకట్ట కడితే రెండు ఒడ్డుల మెట్టభూములూ తడుస్తాయి. తేల్చడానికి ఖోస్లా కమిటీ వస్తోంది. చూడవలసిన చోటికి దారే లేకపోతే కమిటీ ఏం చూస్తుంది? విశ్రాంత ఇంజినీర్లను పెట్టుకుని ముందే అంచనాలు తయారు చేయించుకున్న రాజా, దారి పనికీ తానే దిగారు.

ముక్త్యాలలో, జగ్గయ్యపేటలో ఈ కథను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. వారమని ఒకరు, అంతకు ఎక్కువని ఇంకొకరు. ఎంతమంది పనిచేశారన్నది చెప్పేవారి గొంతును బట్టి పెరుగుతుంది. రాజావారు పెట్టిన ఖర్చు గురించి తిరిగే కొన్ని అంకెలైతే వినగానే నవ్వొస్తుంది. వాటి జోలికి పోను. కమిటీ వచ్చింది, చూసింది, ఆ ఏడాది చివరికి నందికొండకే ఓటు వేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం దాటి మా కృష్ణా మెట్టకు, అంటే జగ్గయ్యపేట, నందిగామ వైపు చేరుతుంది. చివరాఖరు భూములు కాబట్టి నీళ్ళ కోసం ఎదురుచూపులు, తగువులు మామూలే. అది వేరే కథ.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. నందికొండ దగ్గర లేచిన నాగార్జున సాగర్ డ్యాము కాంక్రీటుది కాదు, రాతికట్టు. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతికట్టు ఆనకట్టల్లో ఒకటి. యంత్రాలు కొనడానికి విదేశీ డబ్బు లేదు, మనుషులకు కొదవ లేదు. అందుకే రాయి, సిమెంటు, వేలాది చేతులు. ఆ చేతులన్నిటికీ లెక్క ఉంది. మస్టరు పుస్తకంలో పేరు, ఎదురుగా ఒక గీత. వచ్చాడా, రాలేదా. మనిషంటే ఒక గీత.

ఆ రోజుల పంచవర్ష ప్రణాళిక తిరగేసినా ఇంతే. నీటిపారుదల, విద్యుత్తు, పరిశ్రమలు ఒక వరస. చదువు, వైద్యం 'సాంఘిక సేవలు' అనే శీర్షిక కింద ఇంకో వరస. ఆనకట్ట పెట్టుబడి, బడి ఖర్చు. 1951 జనాభా లెక్కల్లో దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి 18 మంది.

*

బడిని ఖర్చు పద్దు నుంచి పెట్టుబడి పద్దులోకి మార్చిన మనిషి కూడా రైతు బిడ్డే. అమెరికాలో దక్షిణ డకోటా పొలాల్లో పెరిగిన థియొడోర్ షుల్జ్. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో అలబామాలోని ఆబర్న్‌లో ఒక ముసలి రైతు దంపతులను కలిశాడు. ఇల్లు పాతబడింది, పొలం అరిగిపోయింది, చేతిలో చిల్లిగవ్వ లేదు. అయినా ఇద్దరి ముఖాల్లోనూ ఏ దిగులూ లేదు. ఇంత లేమిలో ఈ నిబ్బరం ఏమిటని అడిగాడు. మేం పేదవాళ్ళమని ఎవరు చెప్పారు, ఈ పొలం అరగదీసి నలుగురు పిల్లల్ని చదివించుకున్నాం, వాళ్ళే మా ఆస్తి అన్నారట. షుల్జ్ ఆ జవాబు మోసుకుని ఇంటికెళ్ళాడు. 1960 డిసెంబరులో, అమెరికా ఆర్థికవేత్తల సంఘం అధ్యక్షోపన్యాసంలో, మనిషి మీద పెట్టే ఖర్చు పెట్టుబడే అని వాదించాడు. మనుషుల్ని యంత్రాలతో పోలుస్తావా అని కొందరు చిరాకు పడ్డారు. నందిగామ రైతును అడిగి ఉంటే చిరాకు పడేవాడు కాదు. అరెకరం అమ్మి కొడుకు ఫీజు కట్టిన ప్రతి తండ్రీ ఆ ఉపన్యాసం వినకుండానే ఒప్పుకున్నవాడు.

ఒప్పుకోవడం వేరు, కొలవడం వేరు. షుల్జ్ చేసిన తొలి కొలతల్లో ఒకటి మన దేశం మీదే. పల్లెల్లో పనికి మించిన జనం ఉన్నారు, కొందరిని తీసేసినా పంట తగ్గదు అన్నది అప్పట్లో పండితుల మాట. మనుషుల్ని తీసేసి చూసేదెలా? విధి ఒకసారి ఆ పరీక్ష పెట్టింది. 1918-19లో ఇన్‌ఫ్లుయెంజా. లక్షల ఇళ్ళలో పనిచేసే వయసువాళ్ళే పోయారు. సేద్యపు జనం సుమారు 8 శాతం తగ్గారని షుల్జ్ లెక్కగట్టాడు. 1916-17తో పోలిస్తే 1919-20లో విత్తిన విస్తీర్ణం 3.8 శాతం తగ్గింది. అదనపు మనుషులే అయితే నేల ఎందుకు బీడు పడింది? అమర్త్య సేన్ ఈ లెక్కను గట్టిగా తప్పుపట్టాడు. ఎవరిది ఒప్పన్నా, మనిషి విలువ అతను లేని లోటుతో కొలిచే ఆలోచన అక్కడ పుట్టింది. అదనపు జనం సిద్ధాంతానికి పెద్దదిక్కు ఆర్థర్ లూయిస్. 1979లో నోబెల్ బహుమతి ఆయనకూ షుల్జ్‌కూ కలిపి ఇచ్చారు. కమిటీకి హాస్యం తెలుసు.

*

పోయినవాళ్ళతో కాక బతికున్నవాళ్ళతో కొలిచిన చోటు ఒకటుంది. హైదరాబాదుకు దక్షిణంగా 70 కిలోమీటర్ల దూరంలో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇక్రిశాట్ కాగితాల్లో ఔరేపల్లి అనే ఊరు. ఎర్రనేల, ఆముదం, జొన్న, కల్లు గీత. సాగర్ కాలువ ఆ ఊరి ముఖం చూడలేదు. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ సంస్థ, మెట్ట పంటల పరిశోధన పొలంలోనే కాదు ఇంట్లోనూ జరగాలనుకుంది. 1975 మే నుంచి ఆరు ఊళ్ళలో మనుషుల్ని పెట్టింది. తెలుగు నేల మీద ఔరేపల్లి, దోకూరు. మిగతా నాలుగూ మహారాష్ట్రవి. ఊరికి 40 ఇళ్ళు. పది కూలి ఇళ్ళు, పది చిన్న రైతులవి, పది మధ్యరకం, పది పెద్దవి. లెక్కరాసే కుర్రవాడు ఆ ఊళ్ళోనే కాపురం. మూడు నాలుగు వారాలకోసారి ప్రతి గడపా తొక్కాలి.

ఆ గడపల్లో ఒకదాని ముందు, 1976 ప్రాంతంలో, వాకిట్లో తూకం యంత్రం పెట్టారు.

"చెప్పులిడిసి ఎక్కాల్నా సారూ?"

"ఇడువమ్మా."

"మొన్ననే కదా తూచినవ్. గింతల్నే ఏం పెరుగుత? ఆముదాల బస్తా లెక్క తూస్తవేంది నన్ను?"

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. కుర్రవాడు ముల్లు ఆగేదాకా చూసి అంకె రాసుకున్నాడు. ఎత్తు కొలిచే కర్ర గోడకు ఆనించాడు.

"నిన్న ఏం తిన్నవమ్మా?"

"జొన్న గట్క. పచ్చిపులుసు."

"ఎంత?"

ఆమె దోసిలి పట్టి చూపించింది. ఆ దోసిలిని కుర్రవాడు గ్రాముల్లోకి మార్చాలి. తర్వాత కూలి ఎన్ని రోజులు, ఏ పని, ఎంత ఇచ్చారు. ఆ తర్వాత పిల్లలు. పెద్దోడు బడికి పోతున్నాడా?

"పోయిండు. గీ నెల పోతలేడు. ఆనలు లేకపాయె."

వానకూ బడికీ ఏమిటి సంబంధం? కుర్రవాడు అడగలేదు. ఊళ్ళో జీతగాళ్ళ ఇళ్ళలో తిరిగే ఎవరికీ అది అడగాల్సిన ప్రశ్న కాదు. 'రాలేదు' అని రాసుకుని పక్కింటికి నడిచాడు. ఈ సంభాషణ కూడా నా ఊహే. అంకెలు మాత్రం అలాగే పోగుపడ్డాయి. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ కాగితాల కట్టలు ప్రపంచంలోని ఎన్నో విశ్వవిద్యాలయాలకు చేరాయి.

1988లో అనిల్ దేవలాలికర్ అనే ఆర్థికవేత్త ఆ తూకపు అంకెల్ని, కూలి అంకెల్ని కలిపి చూశాడు. ముందురోజు దోసిలిలో ఎంత పడిందన్నది కూలి మీద గానీ పంట మీద గానీ పెద్దగా తేడా చూపలేదు. ఎత్తుకు తగ్గ బరువు మాత్రం గట్టి తేడా చూపింది. నిన్నటి గట్క కాదు, ఏళ్ళ తరబడి ఒంట్లో నిలవైన తిండి పనిచేస్తోంది. ఇంట్లో గరిసెలా ఒంట్లోనూ ఒక నిలవ ఉంటుందని, అది తరుగుతూ పెరుగుతూ ఉంటుందని, దానికి ప్రతిఫలం కూలిలో దక్కుతుందని ఒక తూకం యంత్రం చెప్పింది. పెట్టుబడి అనే మాటకు ఇంతకంటే సూటి రూపం నేను చూడలేదు.

వానకూ బడికీ ఉన్న సంబంధం తేల్చడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. 1997లో హానన్ జాకబీ, ఇమ్మాన్యుయేల్ స్కౌఫియస్ అదే కాగితాలు ముందేసుకున్నారు. పంట దెబ్బతిన్న కాలంలో పిల్లలు బడి మానడం, బాగున్న కాలంలో మళ్ళీ వెళ్ళడం అంకెల్లో స్పష్టంగా కనిపించింది. అప్పు పుట్టని ఇంట్లో పిల్లవాడి హాజరే బీమా. సేటు దగ్గర వెండి కడియం తాకట్టు పెట్టినట్టు, బడి దగ్గర కొడుకు రోజుల్ని తాకట్టు పెడతారు. కడియాన్ని విడిపించుకోవచ్చు. రెండో తరగతిలో పోయిన నెలను ఎక్కడ విడిపించుకుంటారు?

*

ఇప్పుడు కాలువ కిందికి రండి. ఔరేపల్లికి తూకం వచ్చింది, నీళ్ళు రాలేదు. కృష్ణా మెట్టకు నీళ్ళు వచ్చాయి. నీళ్ళతో పాటు, అదే ఏళ్ళలో, విత్తనం వచ్చింది. పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్-8 వరి వేసి, దిగుబడి చూసి, విత్తనం చుట్టుపక్కలంతా పంచి, 'ఐఆర్-8 సుబ్బారావు' అయ్యాడు. ఆ జిల్లా 1960-61లోనే దేశంలో సాంద్ర వ్యవసాయపు ప్యాకేజీ పథకానికి ఎంచుకున్న తొలి ఏడు జిల్లాల్లో ఒకటి. ఐఆర్-8 లాంటి పొట్టి వరి పాత వరి కాదు. ఎరువు ఎప్పుడు, ఎంత, నీరు ఎంత లోతు, ఎప్పుడు తీసెయ్యాలి, అన్నీ కొత్త. తాత చెప్పిన సేద్యం అక్కడ సగమే పనికొస్తుంది.

సరిగ్గా ఆ మార్పు నడుస్తుండగానే, 1968-71 మధ్య, జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి దేశమంతా నాలుగు వేల పైచిలుకు పల్లె కుటుంబాలను వరసగా మూడేళ్ళు లెక్కరాసింది. పాతికేళ్ళ తర్వాత, 1996లో, ఆండ్రూ ఫాస్టర్, మార్క్ రోజెన్‌జ్వైగ్ ఆ లెక్కలు తీసి ఒక ప్రశ్న అడిగారు. బడికెళ్ళిన రైతుకు బడికెళ్ళని రైతు కంటే ఎక్కువ లాభం వచ్చిందా? జవాబు, ఊరిని బట్టి. కొత్త విత్తనాలు బాగా అందివచ్చిన ప్రాంతాల్లో ప్రాథమిక విద్య ఫలితం పెరిగింది. పాత పంట పాత తీరునే సాగిన చోట అయిదో తరగతి చదివినా, చదవకపోయినా తేడా అంతంతే. ఇంకొకటీ కనిపించింది. విత్తనం వచ్చిన చోట తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడం కూడా పెరిగింది.

ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టిన ముక్క ఇదే. చదువు విలువ ఎంత అని అడిగితే ఒక అంకె చెప్పలేం. అర్థం చేసుకోవాల్సిన కొత్తదేదో గుమ్మంలోకి వచ్చినప్పుడే అది విలువ చూపిస్తుంది. మా నల్లరేగడిలో పత్తి చేలు చూస్తే తెలుస్తుంది. పురుగుమందు డబ్బా మీద చీమ కాళ్ళంత అక్షరాలుంటాయి. చదవగలిగినవాడు ఏ మందు దేనితో కలపకూడదో చూసుకుంటాడు. చదవలేనివాడికి మందుల కొట్టువాడి మాటే వేదం. మందులే లేని రోజుల్లో ఇద్దరి చేతిలోనూ ఒకటే ములుకర్ర.

బడి చెప్పేవారి విషయంలోనూ ఇదే తేలింది, అదీ ఆంధ్రప్రదేశ్‌లోనే. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలోని 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి పెద్ద ప్రయోగం నడిపారు. కొన్ని బళ్ళలో, పిల్లల మార్కులు సగటున 5 శాతానికి మించి పెరిగితే ఆపైన ప్రతి శాతానికీ అయ్యవారికి 500 రూపాయల బోనసు. సగటున ఏడాది జీతంలో సుమారు 3 శాతం సొమ్ము. రెండేళ్ళలో ఆ బళ్ళ పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బళ్ళను దాటిపోయారు, బోనసు లేని సైన్సు, సాంఘికంలో కూడా. అందులో ఒక మూల దాగిన విషయం: అయ్యవారి డిగ్రీ, శిక్షణ ఒంటరిగా పిల్లల మార్కుల్లో పెద్దగా కనబడలేదు. బోనసు ఉన్న బళ్ళలో మాత్రం, ఎక్కువ చదివిన అయ్యవారు ఎక్కువ ఫలితం చూపించారు. అయ్యవారి చదువు కూడా ఒక పని కోసం కాచుక్కూర్చుని ఉంది.

దేశాల స్థాయికి వెళ్తే పండితులు ఇక్కడే తికమక పడ్డారు. 1992లో మాన్‌క్యూ, రోమర్, వైల్ అనే ముగ్గురు చదువును లెక్కలో కలిపితే దేశాల ఆదాయాల మధ్య తేడాలో నూటికి 80 వంతుల దాకా అర్థమవుతుందన్నారు. 2001లో లాంట్ ప్రిట్చెట్ ఇంకో తీరున కొలిచి, బడి ఏళ్ళు పెరిగిన వేగానికీ పనివాడి ఉత్పత్తి పెరిగిన వేగానికీ పొంతనే లేదు, ఆ చదువంతా ఎక్కడికి పోయిందని అడిగాడు. బడిలో ఏళ్ళు లెక్కబెడుతున్నారు, నేర్చినది లెక్కబెట్టండని హనుషెక్, వోస్‌మన్ పరీక్ష మార్కులు పట్టుకొచ్చారు. మస్టరు పుస్తకంలో గీత లాంటిదే బడి హాజరు గీత. వచ్చాడన్నది చెబుతుంది, ఏం పట్టుకెళ్ళాడన్నది చెప్పదు.

*

ముక్త్యాల ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. రేవు దగ్గర భవానీ ముక్తేశ్వరస్వామి గుడి, ఊరికి సున్నపురాతి నేల ఇచ్చిన సిమెంటు కర్మాగారం. 2011 నాటికే ఉమ్మడి కృష్ణా జిల్లా అక్షరాస్యత 74 శాతం దగ్గరికి వచ్చింది. ఈ మెట్ట ఊళ్ళలో ఏ అరుగు మీద కూర్చున్నా ఆబర్న్ దంపతుల మాటే తెలుగులో వినిపిస్తుంది. రెండెకరాలు అమ్మి విజయవాడలో చేర్పించాం, ఇంకో ఎకరం పోతే అమెరికా వెళ్ళాడు.

ఇక లెక్క వేయండి. ఆ కుర్రవాణ్ణి పెంచిన పొలం, పాలు, ఫీజు ఇక్కడివి. టెక్సాస్‌లో అతను చేసే పని అమెరికా ఉత్పత్తి పద్దులో పడుతుంది. హైదరాబాదులో ఉన్న వాడి చెల్లెలి పని తెలంగాణ పద్దులో. ఇంటికి పంపే డబ్బు జిల్లా స్థూల ఉత్పత్తిలో చేరదు, అది బదిలీ మాత్రమే. ఆ డబ్బుతో ఊళ్ళో మేడ కడితే మాత్రం సిమెంటు, మేస్త్రీ కూలి చేరతాయి. జిల్లా చదువుకూ జిల్లా ఎదుగుదలకూ సంబంధం ఎంతో కొలవమంటే, కొలిచేవాడికి దొరికేది మేడ.

ఈ చిక్కు ముందుగా పట్టుకున్న పరిశోధకుల్లో స్టెఫాన్ డెర్కాన్ ఒకడు. టాంజానియాలో కగేరా అనే ప్రాంతంలో 1991లో లెక్కరాసిన ఇళ్ళ మనుషుల్ని 2004లో, వాళ్ళెక్కడున్నా వెతికి పట్టుకుని, మళ్ళీ అడిగారు. ఊరు దాటినవాళ్ళ వినియోగం, దాటని తోబుట్టువుల కంటే 36 శాతం పాయింట్లు అదనంగా పెరిగింది. ఊళ్ళోనే కూర్చుని లెక్కరాసి ఉంటే ఆ ఎదుగుదల కంటికే ఆనేది కాదు. ప్రమీలా కృష్ణన్, సోఫియా క్రుతికోవాలతో కలిసి ఆయన ఇక్రిశాట్ ఊళ్ళకూ వచ్చాడు. 1976 ప్రాంతంలో గోడకు కర్ర ఆనించి ఎత్తు కొలిచిన ఇళ్ళ పిల్లలు అప్పటికి పెద్దవాళ్ళయ్యారు. కొందరు ఊళ్ళో ఉన్నారు. మిగతావాళ్ళ అడ్రసులు అన్నదమ్ముల్ని అడిగి, ఫోన్లు చేసి, పట్నాల బస్తీల్లో వెతికారు.

ముక్త్యాల వైపు అలాంటి వెతుకులాట జరిగినట్టు నాకు తెలియదు. ఇక్కడ లెక్కలవాళ్ళు వస్తే వీధి వెంటే నడుస్తారు. రెండంతస్తుల మేడ ముందు ఆగుతారు. పాలరాతి అరుగు, ఇనుప గేటు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూస్తుంది.

"ఎవరూ లేరు బాబూ. సంక్రాంతికి వస్తారు."

"ఎంతమంది ఉంటారమ్మా ఇంట్లో?"

"ఇంట్లోనా? పెద్దాయన ఉండేవాడు. మొన్న ఆయన్నీ తీసుకెళ్ళారు."

లెక్కరాసే మనిషి పలక మీద కాగితం సరిచేసుకుని, ఇంటి నంబరు ఎదుట 'తాళం' అని రాసుకుని, పక్కింటి గేటు తీశాడు.